చిట్టా ఎవరి దగ్గర ఉండాలి?

మొన్న సెలవుల్లో మాస్ ఎఫెక్ట్ 2 అనే వీడియో గేమ్ మళ్ళీ మొదలుపెట్టాను. ఇది ఎన్నోసారో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాను. మా అన్నయ్య కూతురు, పద్దెనిమిదేళ్ళ పిల్ల, పక్కన కూర్చుని చూస్తోంది. అరగంట చూశాక అడిగింది: "అత్తయ్యా, ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకముందే జవాబు ఎంచేస్తున్నావు. అసలు చదువుతున్నావా?"

చదవడం లేదు. నా బొటనవేలు దానంతట అదే పైకి పోతోంది. ఆ సంభాషణ చక్రంలో కుడివైపు పైన ఉండేది మంచి మాట, కింద ఉండేది కరుకు మాట. ఎడమవైపు నీలం రంగులో ఒక వాక్యం వెలిగిందంటే అది ఇంకా మంచి మాట. ఇవి తెలిశాక చదవాల్సిన పని ఏముంది? ఒక గ్రహం బతకాలా పోవాలా అని అడిగినా, ఒక తల్లి తన కొడుకు గురించి అడిగినా, నా వేలికి తెలిసింది ఒకే దిక్కు. ఆ పిల్ల అడిగేదాకా నాకు ఈ సంగతి తట్టలేదు. తట్టాక ఆట ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాతి మాస్ ఎఫెక్ట్ పని మొదలైందని దాన్ని తయారుచేసే బయోవేర్ సంస్థ 2020 నవంబరులో చెప్పిన నాటి నుంచి నా స్నేహితుల మధ్య ఒకే తగువు నడుస్తోంది. మంచి మాటలకు పెరిగే నీలి పారగాన్ మీటరు, కరుకు మాటలకు పెరిగే ఎర్ర రెనిగేడ్ మీటరు తిరిగి రావాలా, వద్దా? 2017లో వచ్చిన ఆండ్రోమెడాలో వాటిని తీసేసి, మనసుతో, తర్కంతో, తేలిగ్గా, వృత్తిపరంగా అన్నట్టు నాలుగు మాటతీరులు పెట్టారు. అప్పటి నుంచి నిర్ణయాల్లో బరువు పోయిందని ఒక పక్షం వాదిస్తుంది. మంచిచెడులను నీలం, ఎరుపు గీతల్లో కొలవడమే పసితనమని రెండో పక్షం అంటుంది. నేను చాలాకాలం ఆ రెండో పక్షంలోనే ఉన్నాను. ఇప్పుడు నాకు రెండూ తలుపు దగ్గరే ఆగిపోయిన వాదనల్లా కనిపిస్తున్నాయి. చిట్టా రాయడంలో తప్పు లేదు. దాన్ని ఎవరు రాస్తున్నారు, అందులో పోగైన అంకెతో ఏం కొనుక్కోవచ్చు అన్న చోటే తగువంతా ఉంది.

మిరాండా, జాక్ గొడవ పడిన రోజు

2010లో ఈ ఆట మొదటిసారి ఆడినప్పుడు నాకు ఏ లెక్కా తెలియదు. నా షెపర్డ్, అంటే ఆటలో నేను నడిపే నాయిక, తన అంతరిక్ష ఓడలోని వాళ్ళతో మెత్తగా ఉండేది, కిరాయి సైనికులతో కటువుగా ఉండేది. అబద్ధమాడే అధికారిని బెదిరించేది, భయపడిన పిల్లవాడిని ఓదార్చేది. తెలియని విషయం వస్తే చక్రం మధ్యలో ఉండే తటస్థమైన మాట చెప్పేది. మనిషన్నాక అలాగే ఉంటుంది కదా అనుకున్నాను. ఆమెను నేను చాలా ఇష్టంగా తయారు చేసుకున్నాను.

ఆ తర్వాత ఓడలోని ఇద్దరు సహచరులు మిరాండా, జాక్ ఒకరి మీద ఒకరు విరుచుకుపడే ఘట్టం వచ్చింది. ఇద్దరినీ శాంతింపజేసే మాటలు చక్రంలో ఉన్నాయి, ఒకటి నచ్చజెప్పేది, ఇంకొకటి గద్దించేది. రెండూ వెలిసిపోయిన రంగులో ఉన్నాయి. ఎంచుకోవడానికి వీల్లేదు. మొదటి ఆటలో అలాంటి మాటల కోసం నైపుణ్య పాయింట్లు విడిగా ఖర్చు పెట్టుకునేవాళ్ళం. రెండో ఆటలో పద్ధతి మార్చారు. అప్పటిదాకా దొరకగలిగిన పారగాన్ పాయింట్లలో ఎంత వంతు తెచ్చుకున్నావు, రెనిగేడ్‌లో ఎంత వంతు తెచ్చుకున్నావు అని ఆట లోపల లెక్క కడుతుంది. అటు కొంత, ఇటు కొంత పోగు చేసిన నాలాంటి వాళ్ళకు ఏ వంతూ చాలదు. మధ్యస్థంగా మాట్లాడిన ప్రతిసారీ నాకు తెలియకుండానే నష్టపోయాను. చివరికి మిరాండా వైపు నిలబడాల్సి వచ్చింది. జాక్ నా మీద నమ్మకం పోగొట్టుకుంది. ఆఖరి దాడి నుంచి ఆమెను వెనక్కి తీసుకురాలేకపోయాను.

జాక్ చనిపోయినందుకు నాకు ఫిర్యాదు లేదు. కథలో మరణాలు ఉండాలి. ఆ మరణానికి కారణం నేను ఆమెకు చేసిన అన్యాయం కాకపోవడమే నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఎక్కడో వేరే గ్రహం మీద, ఆమెకు సంబంధం లేని ఒక దుకాణదారుడితో నేను మధ్యస్థంగా మాట్లాడాను. ఆ లోటు వచ్చి జాక్ మీద పడింది. ఆ గదిలో ఏ మాట చెబితే ఇద్దరూ తగ్గుతారో నాకు తెలుసు, ఆ మాట నా కళ్ళ ముందే ఉంది. దాన్ని నోరు తెరిచి అనడానికి మాత్రం నా దగ్గర చాలినంత పుణ్యం లేదట!

ఆట మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మొదటి మాట నుంచి చివరి మాట దాకా నీలం. నీలం వైపు వెళ్ళాలనే ఒకే ఒక్క నిర్ణయం మొదటి గంటలోనే చేసేసుకున్నాక, మిగతా ముప్పై గంటల్లో నేను చేసిన నిర్ణయం ఒక్కటీ లేదు. ఎంపికకు పేరుపడ్డ ఆట నా చేత ఎంపిక మాన్పించింది. 2012లో వచ్చిన మూడో ఆటలో రెండు రకాల పాయింట్లనూ ఒకే పరపతి పట్టీలోకి కలిపారు. దాంతో నాలాంటి వాళ్ళకు కొంత ఊపిరి వచ్చింది, నిజమే. కానీ నా వేలు అప్పటికే అలవాటు నేర్చేసుకుంది.

రంగు పూసిన తీర్పు

మా మేనకోడలి ప్రశ్న తర్వాత మళ్ళీ ఆట మొదలుపెట్టినప్పుడు, నిర్ణయాలు నువ్వే చెయ్యమని ఆ పిల్లకే అప్పగించాను. కొద్దిరోజులకు లీజియన్ అనే యంత్రజీవి ఘట్టానికి వచ్చాం. ఆడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గెత్ అనే ఆ యంత్రజాతిలో, రీపర్లనే శత్రువులను కొలిచే వర్గాన్ని ఏం చెయ్యాలి? వాళ్ళ మనసులను తిరగరాసి మన వైపు తిప్పాలా, లేక స్థావరంతో సహా పేల్చేయాలా? ఒక్క దేహంలో 1,183 ప్రోగ్రాములుగా బతికే లీజియన్ తనలో తానే ఏకాభిప్రాయానికి రాలేక, నిర్ణయం షెపర్డ్‌కు వదిలేస్తుంది. రోల్ ప్లేయింగ్ ఆటలు అడిగిన గొప్ప ప్రశ్నల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

ఆట ఆపేసి నలభై నిమిషాలు వాదించుకున్నాం. "చంపితే వాళ్ళు వాళ్ళుగానే పోతారు. మార్చేస్తే వాళ్ళ పేరు పెట్టుకుని ఇంకెవరో బతుకుతారు. అది చంపడం కంటే ఘోరం" అని తను. ప్రాణం మిగిలితే ఎప్పటికైనా దారి ఉంటుందని నేను. మనసును తిరగరాయడానికీ ఒకరిని ఒప్పించడానికీ తేడా ఏమిటని తను అడిగిన దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. అయినా పెద్దదాన్నన్న చనువుతో నా మాటే నెగ్గించుకున్నాను. తిరగరాసే దారి ఎంచుకుంది. మరుక్షణం తెర మీద పారగాన్ పాయింట్లు పడ్డాయి.

"ఓ, అయితే ఇదే సరైన జవాబన్నమాట" అని ఫోను చేతిలోకి తీసుకుంది.

అంతే, నలభై నిమిషాల ఆలోచన అక్కడ చచ్చిపోయింది. రచయితలు ఎంతో శ్రమపడి తేల్చకుండా వదిలిన ప్రశ్నను ఒక చిన్న నీలి అంకె తేల్చేసింది. పైగా ఆ తీర్పు సరైనదేనని నాకు నమ్మకం లేదు. ఆలోచించగలిగే జీవుల నమ్మకాలను వాళ్ళ అనుమతి లేకుండా మార్చేయడం సత్పురుష లక్షణమని ఎవరు నిర్ణయించారు? మా ఇద్దరిలో ఎవరిది సరైన మాటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆటకు మాత్రం తెలుసట.

ఎర్ర గీత కథ ఇంకా చిత్రం. రెనిగేడ్ అంటే చెడ్డవాడని తయారీదారుల ఉద్దేశం కాదు. లక్ష్యం కోసం ఎంత దూరమైనా వెళ్ళే మనిషి అని. కానీ మొదటి ఆటలో గెలాక్సీ పాలకమండలిని శత్రువుకు వదిలేసి యుద్ధం గెలవడమనే కఠిన నిర్ణయమూ, విసిగించిన విలేఖరి మొహం మీద గుద్దడమూ ఒకే ఖాతాలో జమ అవుతాయి. మొదటిది వ్యూహం, రెండోది నోటిదురుసు, చేతిదురుసు. ఈ రెండూ ఒకే మనిషి గుణమని ఎలా అనుకున్నారో! కఠినంగా ఆలోచిస్తూ మృదువుగా మాట్లాడే మనుషులు లోకంలో ఎంతమంది లేరు? తియ్యగా మాట్లాడుతూ గొంతులు కోసేవాళ్ళు ఎంతమంది లేరు? ఆ ఆటలో ఇద్దరికీ చోటు లేదు.

మాస్ ఎఫెక్ట్ ఆడినవాళ్ళలో సుమారు 92 శాతం మంది పారగాన్ దారే పట్టారని, ఆ ఆటకు పనిచేసిన ఒకాయన 2020లో బహిరంగంగా చెప్పారు. రెనిగేడ్ ఘట్టాల కోసం తాము పడ్డ శ్రమ వృథా అయిందన్న దిగులు ఆ మాటల్లో కనిపించింది. మనుషుల్లో మంచితనం ఎక్కువని దాన్నిబట్టి చాలామంది సంతోషించారు. నాకు అంత సంతోషం కలగలేదు. ఆ 92లో నేనూ ఉన్నాను. ఆ మంచి ఎలా చేశానో నాకు తెలుసు కదా.

గుడ్డివాడి దగ్గర కొన్న మూలికలు

ఇంతదాకా వచ్చాక, మీటర్లు తీసేసి మన పనులను పాత్రలకే గుర్తుండేలా చేస్తే సరిపోతుందని అనాలి. చిత్రగుప్తుడిని లేపేసి, ఆ చిట్టాను మన చుట్టూ ఉన్న మనుషులకు పంచిపెట్టాలి. నేను చాలా ఏళ్ళు అలాగే వాదించాను. దీనికి నా దగ్గరున్న పెద్ద ఉదాహరణ 2010 నాటి ఫాలౌట్ న్యూ వేగస్. అందులో ప్రతి వర్గం దగ్గరా మన మంచిపేరు వేరుగా, చెడ్డపేరు వేరుగా నమోదవుతాయి. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. ఒక ఊరికి ఎంతో మేలు చేసి, తర్వాత అక్కడే ఇద్దరిని చంపితే మేలు మేలుగానే, హత్య హత్యగానే మిగులుతాయి. ఆ ఊరివాళ్ళు మనల్ని అర్థంకాని మనిషిగా చూస్తారు. దానికి రెండేళ్ళ ముందు వచ్చిన ఫాలౌట్ 3లో ఒక ఊరిని అణుబాంబుతో పేల్చేసినవాడు కూడా, దాహంతో ఉన్న బిచ్చగాడికి మంచినీళ్ళ సీసాలు ఇస్తూ పోతే కర్మ అనే మంచిచెడుల అంకె మెల్లగా పైకి లేస్తుంది. సీసాలు చాలినన్ని ఉంటే చాలు!

అదే ఆటలో బాంబు పేల్చిన తర్వాత మన పాత్ర తండ్రి కలిసినప్పుడు ఆ సంగతి ఎత్తి, తాను ఎంత నిరాశపడ్డాడో చెబుతాడు. పడిపోయిన కర్మ అంకె నాకు ఏమీ అనిపించలేదు. ఆ తండ్రి మాట వినలేక, అంతకుముందు దాచుకున్న పాత సేవ్‌కు వెళ్ళిపోయాను.

అయితే ఈ వాదనలో ఒక చిల్లు ఉంది. దాన్ని నాకు చూపించింది ఒక పాత స్నేహితుడు. "ఎవరూ చూడని చోట చేసిన తప్పు సంగతేమిటి?" అన్నాడు. ఫాలౌట్ 3లో ఖాళీ గదిలో దొంగతనం చేసినా కర్మ తగ్గుతుంది. మేమందరం దాన్ని వెక్కిరించేవాళ్ళం. చూసినవాడే లేకపోతే ఎవరికి తెలుసని. అతను మాత్రం, చూసినవాడు లేకపోయినా దొంగతనం దొంగతనమే కదా, ఆ మాట చెప్పగలిగేది ఆ పిచ్చి మీటరు ఒక్కటే కదా అన్నాడు. చిట్టాను పూర్తిగా మనుషుల జ్ఞాపకానికి వదిలేస్తే, పట్టుబడకపోవడమే నీతి అవుతుంది.

ఈ మాట నన్ను నెలల తరబడి వెంటాడింది. దానికి జవాబు వెతుకుతూ పోతే, దొరికింది 1985 నాటి ఆటలో. రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4 ఆటలో ఓడించాల్సిన మహా రాక్షసుడు లేడు. నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలను సాధించి అవతార్ కావడమే లక్ష్యం. అందులో మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మేవాళ్ళు గుడ్డివాళ్ళు. ఎంత చెల్లిస్తున్నావో నువ్వే టైపు చెయ్యాలి. వంద నాణేల సరుకు తీసుకుని ఒక్క నాణెం ఇచ్చినా వాళ్ళు కృతజ్ఞతలు చెప్పే పంపిస్తారు. తెర మీద ఏ అంకె తగ్గదు, ఎర్రగా ఏదీ మెరవదు. లోపల ఎక్కడో నిజాయితీ లెక్క తరిగిపోతుంది. నీ పరిస్థితి ఏమిటో తెలియాలంటే కోటలో ఉండే హాక్‌విండ్ అనే ద్రష్ట దగ్గరకు నడిచి వెళ్ళి, ఫలానా గుణం సంగతి చెప్పమని అడగాలి. ఆయన కూడా అంకె చెప్పడు, మాటల్లో చెబుతాడు.

నా స్నేహితుడి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. ఎవరూ చూడని పని కూడా లెక్కలోకి వస్తుంది. కానీ ఆ లెక్క చేసిన మరుక్షణం తెర మీద పడదు. మొహమాటం పడుతూ వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. దొంగ లెక్కకూ దాని పర్యవసానానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోనే మనస్సాక్షి అనే వస్తువు పట్టేంత చోటు ఉంది. అల్టిమా 4 గొప్పదనాన్ని నేను పెంచి చెప్పడం లేదు. చివరికి అందులోనూ గుణాలన్నీ సాధిస్తేనే ఆట ముగుస్తుంది, అంటే అక్కడా మంచితనానికి వెల ఉంది. గుట్టు తెలిసినవాడు గుడ్డివాళ్ళకు నిజాయితీగా చెల్లిస్తూ గుణం పెంచుకుంటాడు. అయినా ఆ మొదటిసారి, ఎవరూ చూడటం లేదనుకుని తక్కువ అంకె టైపు చేసిన క్షణం ఉంటుంది చూడండి, దాన్ని ఆ తర్వాత ఇన్నేళ్ళలో వచ్చిన రంగురంగుల మీటర్లేవీ అందుకోలేకపోయాయి.

జ్ఞాపకాన్నీ కొనవచ్చు

మనుషుల జ్ఞాపకం అన్నాను కదా, దాన్నీ మేం ఊరికే వదల్లేదు. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్‌లో మంచిచెడుల మీటరు లేదు, సహచరుల మెప్పు మాత్రమే ఉంది. ఏం చేశాం? ఒకరికి నచ్చని పని చేసి, వెంటనే ఇష్టమైన బహుమతి చేతిలో పెట్టాం. మెప్పు మళ్ళీ పైకి లేచింది. మనిషి మనసు అక్కడ ఇంకో గల్లాపెట్టె అయింది. దాని సీక్వెల్‌లో, 2011లో, స్నేహం–వైరం అని రెండు కొసలు పెట్టారు. అది చాలా మంచి ఆలోచన. మనతో విభేదిస్తూనే మనల్ని గౌరవించి, పక్కన నిలబడే మనిషి ఎంత అరుదు! కానీ అక్కడ కూడా మధ్యలో ఉన్నవాడికి దెబ్బే. మనల్ని వదిలి వెళ్ళిన ఇసబెల్లా అనే సహచరి వెనక్కి రావాలంటే స్నేహమో వైరమో ఏదో ఒకటి తగినంత ముదిరి ఉండాలి. మాస్ ఎఫెక్ట్ 2 వంతుల లెక్కే వేషం మార్చుకుని వచ్చింది. బాల్డర్స్ గేట్ 3 ఆడుతూ, ఫలానావారికి నచ్చింది, ఫలానావారికి నచ్చలేదు అని తెర మీద పడే వాక్యాల కోసం నా కళ్ళు వెళ్ళడం నేనే గమనించాను.

అందుకే, మీటరు తీసేస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళతో నేను ఇప్పుడు ఏకీభవించలేను. ఆ నీలి అంకె ఏ పేరుతో వచ్చినా, చేసిన మరుక్షణం వస్తే, దాంతో ఏదైనా కొనగలిగితే, మనం దాని కోసమే ఆడతాం.

దీనికి ఎదురుమాట ఒకటి ఉంది. తన పనికి ఆట ఏ జవాబూ ఇవ్వకపోతే ఆటగాడికి ఆ పని లెక్కలోకి వచ్చిందో లేదో కూడా తెలియదు. అంధకారంలో నిర్ణయాలు చేయడం విసుగు. ఇంకొకటి, ప్రతి పనికీ దూరంగా ఎక్కడో పర్యవసానం రాయాలంటే రచయితలకు పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. చాలామంది చూడనే చూడని ఘట్టాలకు డబ్బు ఎవరు పెడతారు? ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిదానికి ఉంది, అది మాస్ ఎఫెక్ట్‌లోనే ఉంది.

రెండో ఆటలో ఓమెగా అనే అంతరిక్ష స్థావరం మీద, శత్రువుల విమానాన్ని బాగుచేస్తున్న ఒక మనిషి పక్కన నిలబడతాం. తెర మీద ఎర్ర గుర్తు ఒక్క క్షణం మెరుస్తుంది. నొక్కితే షెపర్డ్ వెనకనుంచి అతన్ని కరెంటుతో కొడుతుంది. తర్వాత ఆ విమానం మన మీదికి వచ్చినప్పుడు మరమ్మతు సగంలో ఆగి ఉంటుంది, పోరు తేలికవుతుంది. నొక్కకపోతే పూర్తి బలంతో వస్తుంది. ఆ ఘట్టానికి పాయింట్లు అవసరమా? పరధ్యానంలో ఉన్న మనిషిని వెనకనుంచి కొట్టానన్న సంగతీ, దానివల్ల నా మిత్రుల పని సులువైందన్న సంగతీ రెండూ నా చేతిలోనే ఉన్నాయి. అలాగే మోర్డిన్ అనే శాస్త్రవేత్త శిష్యుడి పరిశోధన దస్త్రాన్ని రెండో ఆటలో నాశనం చేసినవాళ్ళకు, ఆ పరిశోధనతో బతకగలిగిన ఈవ్ అనే స్త్రీ మూడో ఆటలో బతకదు. ఆ దస్త్రం కోసం ఎంతమంది చిత్రహింసలు పడ్డారో చూసి, అసహ్యంతో చెరిపేసినవాళ్ళే వాళ్ళు. వాళ్ళను ఏ రంగులో వేస్తారు? ఇంత రాయగలిగిన చేతులు ఆ పక్కనే నీలి అంకెను ఎందుకు తగిలించాయో నాకు అర్థం కాదు.

తర్వాతి మాస్ ఎఫెక్ట్ తయారుచేస్తున్నవాళ్ళను ఒక్కటి అడగాలని ఉంది. లెక్క రాయండి, ఎవరూ చూడనివి కూడా రాయండి. కానీ నోరు తెరవడానికి ఆ లెక్కను తాళం చెవి చేయకండి. జాక్‌కు ఏ మాట చెప్పాలో నాకు తెలిస్తే చెప్పనివ్వండి. నా మీద ఆమెకు నమ్మకం లేకపోతే ఆ మాట వినకపోవడం ఆమె ఇష్టం.

కిందటి ఆదివారం మా మేనకోడలు మళ్ళీ వచ్చింది. లీజియన్ ఘట్టం ముందున్న సేవ్ ఉందా అని అడిగింది. ఉంది. ఒక చీటీ ముక్క చింపి, తెర మీద పాయింట్లు పడే చోట అంటించింది. "ఇప్పుడు మొదటినుంచి చెప్పు, నీ వాదన" అని నా వైపు తిరిగి కూర్చుంది.